రుమెన్ పేరు ఎదుట ఖాళీ గడి

లోమ్,
2022 నవంబరు 14

ప్రియమైన కాలిన్,

కవరు మీద నా చేతిరాత చూసి మీ అమ్మకేమైందోనని కంగారుపడి ఉంటావు. అమ్మ బాగానే ఉంది. మోకాళ్ళు నొప్పులంటూనే రోజూ మేడ మెట్లు ఎక్కి దిగుతోంది. ఈ శరదృతువులో కూడా మిరపకాయలు తనే కాల్చి, తొక్కలు తీసి సీసాలకెత్తింది. నీ కోసం రెండు సీసాలు పక్కన పెట్టానని రాయమంది. ఉత్తరం రాయమన్నది మాత్రం తను కాదు. నీతో పని పడింది నాకు.

మూడేళ్ళ క్రితం మన వంటింట్లో నువ్వు, "వదినా, ఇంక అన్నయ్య పోయాడని కోర్టులో దరఖాస్తు పెడదాం, ఏదో ఒక తేదీ వెయ్యాలి కదా" అన్నావు. నేను నీ కోటు తెచ్చి చేతికిచ్చాను. ఆ తర్వాత నువ్వు చేసిన ఫోన్లు ఎత్తలేదు. ఎనిమిదేళ్ళ క్రితం రుమెన్ నదిలోకి వెళ్ళి తిరిగి రాలేదు, పడవ మాత్రం కింద లంకలో దొరికింది. అంతకు మించి నీకు గానీ నాకు గానీ పోలీసులకు గానీ తెలిసింది ఏమీ లేదు. ఆ విషయంలో నా మాట మారలేదు. ఇది వేరే విషయం. షాపు సంగతి.

పోయినవాళ్ళ కాగితాలు ముద్రించడానికి మీ అన్నదమ్ములిద్దరూ రాసిన ప్రోగ్రామ్ ఆగిపోయింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. వేసవి నుంచి పన్నులు దాఖలు చేసే పేజీ మన పాత బ్రౌజర్‌లో తెరుచుకోవడం మానేసింది. లెక్కలు చూసే నెవెనా వచ్చి, "కొత్త బ్రౌజర్ వేసుకో, లేకపోతే నీ లెక్కలు నేను చెయ్యలేను" అంది. కొత్తది వేస్తే శ్రద్ధాంజలి కాగితాల ప్రోగ్రామ్ తెరుచుకోలేదు, తెల్లటి పేజీ వచ్చింది. విడిన్ నుంచి ప్లామెన్ అనే టెక్నీషియన్‌ని పిలిపించాను. అతను రెండు బ్రౌజర్లూ పక్కపక్కనే పెట్టాడు. పన్నులకు ఒకటి, పోయినవాళ్ళకు ఒకటి. కొన్నాళ్ళు అలా నడిచింది. ఒక ఉదయం వచ్చేసరికి కంప్యూటర్ తనంతట తనే అప్‌డేట్ అయింది. పాతది కనబడలేదు. దాని గుర్తు మీద నొక్కితే కొత్తదే తెరుచుకుంటోంది.

ప్లామెన్ మళ్ళీ వచ్చాడు. కొత్త బ్రౌజర్‌ని పాతదానిలా నటించమని చెప్పే పద్ధతి ఒకటి ఉందట, దానితో ప్రోగ్రామ్ తెరుచుకుంది. కానీ కాగితం మీద వచ్చేది సరిగ్గా లేదు. ఫోన్లో చెబితే అర్థం కాదని మూడు నమూనాలు ఈ కవర్లో పెడుతున్నాను. మొదటిదానిలో కుడివైపు నల్ల అంచు లేదు. రెండోదానిలో పేరు పైన ఉండాల్సిన శిలువ పేరు మధ్యలోకి జారింది. మూడోది మందులషాపు లిల్యానా వాళ్ళ అమ్మది, ఫోటో అడ్డంగా సాగింది. లిల్యానా చూసి, "బతికుండగా ఒక్క కిలో ఎక్కలేదు, పోయాక ఇంత లావెక్కిందేంటి మా అమ్మ!" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆ కాగితం గోడకు అంటించలేదు. విడిన్ వెళ్ళి వేరే షాపులో వేయించుకుంది.

ప్లామెన్ చివరికి చేతులెత్తేశాడు. "అక్కా, ఇది రాసినవాణ్ణి పిలిపించుకో. ఎక్కడ ఏం పెట్టాడో అతనికే తెలుస్తుంది" అన్నాడు.

"ఊళ్ళో లేడు" అన్నాను.

"ఎప్పుడొస్తాడు?"

నేను పాడైన కాగితాలు ఏరి పక్కన పెట్టాను. అతను దోబ్రి బాబాయ్ వైపు చూశాడు. బాబాయ్ మూలన పిండి జిగురు కలుపుతున్నాడు. పోస్టుమాన్ ఉద్యోగం అయిపోయాక మన కాగితాలు గుమ్మాలకీ స్తంభాలకీ అంటించేది ఆయనే. బకెట్లోంచి తల ఎత్తలేదు.

కొత్త ప్రోగ్రామ్ కొనుక్కోమని అందరూ సలహా ఇస్తున్నారు. దానిలో ఈ ఊరివాళ్ళు ఉండరు కదా. ఇన్నేళ్ళుగా పోయిన ప్రతివాళ్ళూ మన ప్రోగ్రామ్‌లోనే ఉన్నారు. ఏటా వర్ధంతికి కాగితం వెయ్యమని ఇళ్ళవాళ్ళు ఒక్కసారి చెప్పి వెళ్తారు, తేదీ చూసుకుని అదే ముద్రిస్తుంది. సమాధి రాళ్ళ మీది పలకలు కూడా దానిలోంచే చేస్తున్నాను. భర్త పోతే భార్య పేరు కూడా పక్కనే చెక్కించి, పుట్టిన ఏడు వేసి, రెండోది వదిలేస్తారు కదా. అలా బతికున్నవాళ్ళూ బోలెడుమంది ఉన్నారు దానిలో.

నీకు వీలైతే బాగుచెయ్యి. ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి వార్నా బస్సు డ్రైవర్ చేతికి ఇస్తున్నాను. శుక్రవారం స్టాండులో తీసుకో.

ఒక్క మాట. ప్రోగ్రామ్ తెరవగానే కనిపించే మొదటి పేరు రుమెన్‌ది. పరీక్ష కోసం వేసుకున్నది, నీకు గుర్తుండే ఉంటుంది. బొచ్చు టోపీ పెట్టుకుని నవ్వుతున్న ఫోటో. పుట్టింది 1971. పోయింది: ఖాళీ. రెండో పేరు నాది. ఆ రోజు మీరిద్దరూ నా కాగితం ముద్రించి వంటింటి తలుపు మీద అంటిస్తే, అమ్మ చీపురు తీసుకుని మీ వెంట వీధి చివరిదాకా పరిగెత్తింది. నేను చిక్కుళ్ళు వలుస్తూ కూర్చుని నవ్వుతున్నాను.

ఆ మొదటి పేరు జోలికి వెళ్ళకు. తీసెయ్యకు, నింపకు. మిగతాది నీ ఇష్టం.

ఇట్లు,
నీ వదిన
బిసెరా


లోమ్,
2023 జనవరి 4

కాలిన్,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నువ్వు పంపిన పెన్‌డ్రైవ్ డిసెంబరు మొదట్లో అందింది. నువ్వు రాసిన చీటీలో చెప్పినట్టే చేశాను. అంచు వచ్చింది, శిలువ పైకెక్కింది, ఫోటోలు సన్నబడ్డాయి. లిల్యానాని పిలిచి వాళ్ళ అమ్మ కాగితం మళ్ళీ వేసి ఊరికే ఇచ్చాను. డిసెంబరు అంతా ఒక్క తప్పు రాలేదు. క్రిస్మస్‌కి నిన్ను రమ్మని అమ్మ చేత ఫోన్ చేయిద్దామా అని కూడా అనుకున్నాను. చేయించలేదు. ఇప్పుడు మంచిదే అయిందనుకుంటున్నాను.

పండగ సెలవుల ముందు మనం ఎలా పని చేస్తామో నీకు తెలుసు. ఆఖరి పనిదినాన సెలవు రోజుల్లో పడే వర్ధంతులన్నీ ఒకేసారి ముద్రణకు పెట్టేస్తాను. యంత్రం వేస్తూ ఉంటుంది, దోబ్రి బాబాయ్ కట్ట తీసుకుని ఏ రోజువి ఆ రోజు తెల్లవారకముందే అంటించి వస్తాడు. నేను ముప్పయ్యో తారీఖున ముద్రణకు పెట్టి ఇంటికి వచ్చేశాను. అమ్మ పండగ పొరల రొట్టె బానిత్సాకి పిండి పలచగా సాగదీస్తోంది, జున్ను చిదమడానికి మనిషి కావాలంది.

జనవరి ఒకటి ఉదయం గేటు దగ్గర పిల్లల మాటలు వినబడ్డాయి. పక్కింటి గిన్కా మనవలు. రంగు కాగితాలూ పేలాల దండలూ చుట్టిన కర్రలు పట్టుకుని, కొత్త ఏడాదికి మన వీపు మీద తట్టి ఆయుష్షు కోరడానికి వచ్చారు. ప్రతి ఏడూ మన ఇంటికే ముందు వస్తారు, అమ్మ ఎక్కువ మిఠాయిలు ఇస్తుందని. ఈసారి లోపలికి రాలేదు. తలుపు తీస్తే కర్రలు కిందికి దించుకుని నిలబడ్డారు.

"బిసెరా పిన్నీ, ఈ ఇంట్లో కొట్టొచ్చా?" అని పెద్దది అడిగింది.

ఎందుకు కొట్టకూడదే అంటూ బయటికి వచ్చి గేటు చూశాను.

బొచ్చు టోపీ. నవ్వు. కింద: "వర్ధంతి. యాభై మూడేళ్ళుగా మన మధ్య లేని రుమెన్ స్తమెనొవ్. 1971 - 1970."

గోళ్ళతో గీకాను. చలికి జిగురు గడ్డకట్టింది. ఫోటోలో టోపీ చిరిగి వచ్చింది, మొహం రాలేదు. పిల్లలు చూస్తున్నారు. వేణ్ణీళ్ళు తెద్దామని లోపలికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గిన్కా రొట్టె, వైన్ సీసా పట్టుకుని గేటు దగ్గర ఉంది. సీసాలోంచి నాలుగు చుక్కలు నేల మీద పోసి, "దేవుడు వాణ్ణి క్షమించుగాక" అంది.

"గిన్కా, ఇది పొరపాటు" అన్నాను.

"తెలుసు తల్లీ, ఏడాది తప్పు పడింది. చర్చి దగ్గర బోర్డు మీదా అలాగే ఉంది. పోనీలే, నీ మనసు ఏ స్థితిలో ఉందో మాకు తెలియదా" అని నన్ను కౌగిలించుకుంది.

అంటే చర్చి దగ్గర కూడా ఉంది. బస్‌స్టాపులో ఉంది. పడవల రేవు దగ్గర కరెంటు స్తంభానికి ఉంది. జాలర్లు వచ్చారు. టోపీలు తీసి చేతుల్లో పట్టుకుని మన పెరట్లో నిలబడ్డారు. ముసలి వాంగెల్, "పుట్టకముందే పోయాడట! అన్నిటికీ తొందరే వాడికి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, అతను కూడా నవ్వడానికి అనలేదు. ఏడాది తప్పని వచ్చిన ప్రతివాళ్ళూ నాకు చెప్పారు. మనిషి పోలేదేమో అని ఒక్కరూ అనలేదు.

అమ్మ మేడ మీంచి దిగింది. తలకు సంతాపపు నల్ల గుడ్డ కట్టుకుంది, మడతల గీతలు ఇంకా పోలేదు. కాగితం ముందు నిలబడింది. పిల్లల వైపు తిరిగి, "ఏం నిలబడ్డారు? రండి, కొట్టండి" అని వీపు వంచింది. వాళ్ళు మెల్లిగా తట్టారు. "ఇంకా గట్టిగా" అంది.

నీకు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, సాయంత్రం షాపు తెరిచి చూశాను. రుమెన్ రికార్డులో తేదీ గడి ఖాళీగానే ఉంది. నువ్వు దాన్ని తాకలేదు. కానీ డిసెంబరులో ఇన్ని కాగితాలు సరిగ్గా వేసిన ప్రోగ్రామ్, కొత్త ఏడాది మొదటి రోజున, తేదీ లేని మనిషికి వర్ధంతి వేసింది. ఆ రోజు ఊళ్ళో అంటించిన కాగితాలన్నీ వెళ్ళి చూశాను. మిగతావాళ్ళందరూ నిజంగా జనవరి ఒకటిన పోయినవాళ్ళే. తేదీ లేకుండా గోడెక్కినవాడు ఒక్కడే. నేను తాకొద్దన్న ఒక్కడే. దోబ్రి బాబాయ్‌ని అడుగుదామంటే, తర్వాతి రోజులకు అంటించేవి లేక ఆ రోజు మధ్యాహ్నం బస్సుకే వ్రాత్సాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు, ఫోన్ పెట్టుకోడు.

గడి నింపకుండానే ప్రోగ్రామ్ లోపల ఎక్కడో తేదీ పెట్టావు. నాకిచ్చిన మాట తప్పకుండా నీ మాట నెగ్గించుకున్నావు. వంటింట్లో నా చేత వేయించలేకపోయిన తేదీని నా యంత్రం చేతే వేయించావు. యాభై మూడేళ్ళు అని పడటం నీ లెక్కలో ఏదో పొరపాటు అయి ఉంటుంది.

నేను ఎందుకు వెయ్యలేదో నువ్వెప్పుడూ అడగలేదు. చెబుతాను. ఈ ఊళ్ళో పోయినవాళ్ళ మొహాలు నేను కత్తిరించి, నల్ల అంచులో పెట్టి, గోడెక్కిస్తాను. అది నా వృత్తి. ఆసుపత్రివాళ్ళు చెప్పినా, చర్చి గురువు చెప్పినా, కాగితం గుమ్మం మీద పడేదాకా ఇంట్లోవాళ్ళు నమ్మరు. పడ్డాక నమ్ముతారు. ఇన్నేళ్ళలో నేను ముద్రించిన ఏ ఒక్కరూ తిరిగి రాలేదు. అక్షరం తప్పులు పడ్డాయి, మనిషి తప్పు ఒక్కసారి కూడా పడలేదు. వెర్రి అనుకో, మూర్ఖత్వం అనుకో. రుమెన్ కాగితం నేను వెయ్యనంతకాలం ఆ లెక్కలో రుమెన్ లేడు.

ఇప్పుడు ఉన్నాడు. మీ అమ్మ నల్ల గుడ్డ కట్టుకుని తిరుగుతోంది.

ఎందుకు చేశావో రాయి. ఫోన్ చెయ్యకు.

బిసెరా


లోమ్,
2023 జనవరి 26

మా కాలిన్‌కి,

ముందు క్షమాపణ రాస్తాను, తర్వాత మిగతాది.

నీ ఉత్తరం పదిహేడున వచ్చింది. ఆ సమయానికి నేను నీ మీద కోపంగా లేను. అప్పటికే దోబ్రి బాబాయ్ వ్రాత్సా నుంచి వచ్చేశాడు. జరిగింది వరసగా చెబుతాను.

ఆయన సంచి భుజాన వేసుకుని షాపులోకి వచ్చి, తలుపు వేసి, బల్ల మీద ఒక కాగితాల చుట్ట పెట్టాడు. "ఇవి నీకిద్దామని దాచాను. పారేద్దామంటే చెయ్యి రాలేదు. బతికున్నవాళ్ళవి పారేస్తే వాళ్ళకి మంచిది కాదంటారు" అన్నాడు.

"ఎవరివి బాబాయ్?"

"చూసుకో."

విప్పాను. పైన మాంసం కొట్టు ఇల్చో. యాభై మూడేళ్ళుగా మన మధ్య లేని ఇల్చో, 1950 - 1970. భార్య పోయినప్పుడు పలక మీద తన పేరు కూడా చేయించుకున్నాడు. దాని కింద మాస్టారు గారి భార్య. దాని కింద గిన్కా. దాని కింద మీ అమ్మ వెలికా, పలక మీద నాన్న పక్కన ఉన్న ఫోటోతో. అందరికీ అదే జనవరి ఒకటి, అదే 1970.

"ఇల్చో ఆ ముందురోజే నాకు పంది కాళ్ళు అమ్మాడు" అన్నాడు బాబాయ్. "తూకంలో మోసం కూడా చేశాడు. పోయినవాడు అంత చురుగ్గా ఉండడు కదా. నీ యంత్రానికి పిచ్చెక్కిందనుకుని బతికున్నవాళ్ళని తీసి సంచిలో పెట్టుకున్నాను. నీకు చెబుదామంటే పండగ. బస్సుకి టైమైంది. వ్రాత్సాలో మా అమ్మాయి సంచి సర్దుతూ ఇల్చో మొహం చూసి కెవ్వుమంది."

చుట్టలో అన్నిటికన్నా అడుగున ఉన్నది నాది. మీరిద్దరూ పరీక్షకు వేసిన ఫోటోయే, చిక్కుళ్ళ గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను. 1973 - 1970.

దాన్ని బల్ల మీద పెట్టి అడిగాను. "బాబాయ్, బతికున్నవాళ్ళని తీసి పక్కన పెట్టావు. మరి రుమెన్‌ది?"

ఆయనకు ప్రశ్న వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కూర్చున్నాడు.

"నువ్వు ఇన్నాళ్ళకి వేశావనుకున్నాను తల్లీ" అన్నాడు. "మంచిపని చేసిందిలే అనుకున్నాను. అది తీసి పక్కన పెట్టాలని నాకు తోచనే లేదు."

"ఏడాది చూడలేదా?"

"చూశాను. చెయ్యి వణికి ఉంటుందనుకున్నాను." సంచి ఒళ్ళోకి తీసుకుని, "నేను ఉత్తరాలు మోసిన రోజుల్లో నీ గుమ్మం దాటిపోవడం ఎంత కష్టంగా ఉండేదో నీకు తెలియదు. కిటికీలో నిలబడి చూసేదానివి. సంచిలో నీకేం ఉండేది కాదు. ఊరి చివర ఇళ్ళ మీంచి చుట్టూ తిరిగి పోయేవాణ్ణి, నీకు కనబడకుండా" అన్నాడు.

ఆయన మీద నాకు కోపం రాలేదు. ఈ ఊళ్ళో ఎవరు ఉన్నారో ఎవరు లేరో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఒక్కొక్క కాగితం చేతిలోకి తీసుకుని, ఉన్నవాళ్ళని ఒకవైపు, లేనివాళ్ళని ఒకవైపు వేశాడు. రుమెన్ దగ్గర ఆయన చెయ్యి ఆగలేదు.

అప్పుడే నాకు తెలిసింది నువ్వేమీ చెయ్యలేదని. నువ్వు రుమెన్ కోసం తేదీ పెట్టి ఉంటే ఇల్చో ఎందుకు చస్తాడు? మర్నాడే రాద్దామనుకున్నాను. సిగ్గేసి రాయలేదు. ఈలోగా నీ ఉత్తరం వచ్చింది. మొదటి రెండు పేజీలూ ప్రోగ్రామ్ గురించే రాశావు. మూడో పేజీలో గానీ "నేను కావాలని చెయ్యలేదు వదినా" అన్న మాట రాలేదు. నేనైతే మొదటి వాక్యం అదే రాసేదాన్ని, అరుస్తూ.

నువ్వు చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. పాత బ్రౌజర్‌కి తేదీ గడి ఖాళీగా కనబడితే ఏం చెయ్యాలో తెలియక తడబడి, ఆ పేరు వదిలేసి ముందుకు పోయేది. మీరిద్దరూ ఆ తడబాటు మీదే ఆధారపడ్డారు. ఖాళీగా ఉన్నవాళ్ళని వదిలెయ్యమని విడిగా రాయనేలేదు, ఎలాగూ వదిలేస్తోంది కదా అని. నువ్వు సరిచేశాక కొత్తది తడబడటం మానేసింది. ఖాళీని సున్నా అనుకుంది. కంప్యూటర్లు రోజులు లెక్కపెట్టడం 1970 జనవరి ఒకటి నుంచి మొదలుపెడతాయి కాబట్టి సున్నా అంటే ఆ రోజే. అందుకే డిసెంబరులో ఏమీ కాలేదు. అందుకే తేదీ లేనివాళ్ళందరూ కొత్త ఏడాది రోజున పోయారు.

అంటే ఇన్నేళ్ళూ రుమెన్‌ని గోడ ఎక్కకుండా ఆపింది ఒక తడబాటు. నా పట్టుదల అనుకున్నాను.

రెండో పెన్‌డ్రైవ్ కూడా అందింది. ఇప్పుడు ఖాళీని ఖాళీగానే చదువుతుందని రాశావు. పరీక్షించి చూశాను. ఇల్చో రాలేదు, గిన్కా రాలేదు, మేమెవరమూ రాలేదు. బాగుంది. రుమెన్ కూడా రాలేదు.

మీ అమ్మకు చెప్పడానికి మేడ మీదికి వెళ్ళాను. ఉన్ని వడుకుతోంది.

"అత్తమ్మా, అది యంత్రం తప్పు. కాలిన్ బాగుచేశాడు. చెరిపేశాం. ఆ గుడ్డ తీసెయ్యండి."

"ఏం చెరిపారు?"

"తేదీ. ఇప్పుడు అక్కడ ఏమీ లేదు. ముందున్నట్టే ఉంది."

కదురు ఆపింది. "ముందు ఎలా ఉంది కోడలా? పెద్దల శనివారం రోజు శ్మశానంలో నేను ఉడికించిన గోధుమలు ఎవరి పేరున పంచానో ఎప్పుడైనా చూశావా?"

"మామయ్య గారి పేరున."

"మీ మామయ్యకి ఒక గిన్నె. రెండో గిన్నె?"

రెండో గిన్నె ఉందని నాకు తెలుసు, కాలిన్. నేనే చక్కెర చల్లి ఇచ్చేదాన్ని. ఎవరికని అడగలేదు.

"చేతిలో పెడుతూ పేరు చెప్పాలి. 'ఫలానావాణ్ణి దేవుడు క్షమించుగాక' అని అవతలివాళ్ళు అనాలి. నేను పేరు చెప్పకుండా పెట్టేదాన్ని. పుచ్చుకున్నవాళ్ళు కూడా పేరు లేకుండానే అనేవాళ్ళు. ఒక్కళ్ళు అడగలేదు ఎవరికని. ఊరంతా నోరు మూసుకుంది, నీ కోసం. నేనూ మూసుకున్నాను. కిటికీ దగ్గర నిలబడి ఎదురుచూసే నిన్ను ఎలా పడగొట్టను?"

"ఆ గుడ్డ..."

"మీ మామయ్య పోయిన ఏడాదే ఒకటి చిరిగింది. ఇది వాడి కోసం కొన్నది. ఎప్పుడు కొన్నానో అడగకు."

మీ అమ్మ తట్టుకోలేదని, ఆవిడ కోసమే తేదీ వెయ్యడం లేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నీకు కోటు అందించిన రోజు కూడా మనసులో అదే అనుకున్నాను. అది నిజం కాదు. ఆవిడ ఎప్పుడో తట్టుకుంది. నేనొక్కదాన్నే మిగిలాను.

మర్నాడు ఆవిడే షాపుకి వచ్చింది. ఇన్నేళ్ళలో పని ఉండి షాపులో అడుగుపెట్టింది మీ నాన్న కాగితం వేయించిన రోజు ఒక్కటే. కౌంటర్‌కి అవతల, వచ్చేవాళ్ళు నిలబడే చోట నిలబడింది. నేను ఇవతల. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

నేను రికార్డు తెరిచాను. "ఏ తేదీ వెయ్యమంటారు? నదికి వెళ్ళిన రోజా, పడవ దొరికిన రోజా?" ఎవరొచ్చినా అడిగే గొంతుతోనే అడిగాను. వేరే గొంతు రాలేదు.

"ఆ రోజులు వద్దు. నదికి వెళ్ళిన రోజు భోజనానికి వస్తాడని వంట చేశాను. పడవ దొరికిన రోజు ఒడ్డున ఎక్కడో కూర్చుని ఉంటాడనుకున్నాను. ఎదురుచూసిన రోజుని పోయిన రోజని ఎలా రాయిస్తాను?"

"మరి?"

"జనవరి ఒకటి. ఆ రోజే కదా జనం మన పెరట్లోకి వచ్చి టోపీలు తీశారు. ఆ రోజే వాడి పేరు పెట్టి నా ముందు 'దేవుడు క్షమించుగాక' అన్నారు. ఏడాది సరిచెయ్యి చాలు. రోజు ఉండనీ."

"అది యంత్రం వేసిన తేదీ అత్తమ్మా. అబద్ధం."

"నిజం తేదీ నీ దగ్గరుంటే వెయ్యి."

నా దగ్గర లేదు. నదికి వెళ్ళిన ఏడాది తర్వాత వచ్చిన జనవరి ఒకటి వేశాను. 1971 - 2015. ఫోటో మారుద్దామా, మరీ నవ్వుతున్నాడు అన్నాను. "వాడు నవ్వేవాడే" అంది. ముద్రించాను. అంచు నాలుగువైపులా సరిగ్గా వచ్చింది, శిలువ పేరు పైనే ఉంది. మీ అమ్మ కాగితం అందుకుని ఆరిందో లేదోనని వేలితో ముట్టుకుని చూసింది. తర్వాత బల్ల అంచు పట్టుకుంది. నేను కౌంటర్ చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాను.

చాలాసేపు ఇద్దరం అవతలే ఉన్నాం. ఎవరో తలుపు తీసి మమ్మల్ని చూసి మళ్ళీ మూసేశారు.

గేటుకి దోబ్రి బాబాయ్ అంటించాడు. పాతది గీకడం నా వల్ల కాలేదన్నాను కదా, దాని మీదే అంటించాడు. రేవు దగ్గర స్తంభానికి నేనూ వెళ్ళాను. నేను ముద్రించిన కాగితాల్లో తేదీ నిజం కానిది ఇదొక్కటే. దాని ముందు ఆగినవాళ్ళు ఎవరూ తప్పుపట్టలేదు. వాంగెల్ చదివి, "ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నాడు.

కోర్టు కాగితాలు నీ దగ్గర ఉంటే పట్టుకురా, సంతకం పెడతాను. ఫిబ్రవరి పద్ధెనిమిది పెద్దల శనివారం. ముందురోజే రా, గోధుమలు వడగట్టి గుడ్డ మీద ఆరబోయడానికి మనిషి కావాలి, అమ్మకు మోకాళ్ళు సహకరించడం లేదు. రెండు గిన్నెలు చేస్తాం. ఈసారి రెండూ పేరు చెప్పి పంచుతాం. మిరపకాయల సీసాలు ఇంకా నీ కోసం అలాగే ఉన్నాయి. ఫోన్ చెయ్యి, ఎత్తుతాను.

ప్రోగ్రామ్ తెరవగానే మొదటి పేరు ఇప్పటికీ రుమెన్‌దే, ఆ వరస మార్చకు. రెండోది నాది. నా గడి ఖాళీగానే ఉంచాను. నిన్న, ఇవాళ, రెండుసార్లు చూశాను. దాన్ని ఖాళీగానే చదువుతోంది.

ప్రేమతో,
నీ వదిన
బిసెరా